ఆ ఊపిరి నాది కాదు

మా ట్రంపెట్ మాస్టారు పోయారని కిందటి వారం ఒకరోజు పొద్దున్నే మా డ్రమ్ములాయన ఫోన్ చేశాడు. "నువ్వు వస్తావా?" అని కూడా అడిగాడు. బ్యాండులో ఆ మాట అడగాల్సి వచ్చింది నన్నొక్కడినే. మాస్టారితో మాట్లాడి రెండేళ్లయింది. వెళ్లి మట్టి వేసి వచ్చాను గానీ కోపం మాత్రం పోలేదు. మంచి మాత్రమే రాయమంటే ఈ నాలుగు ముక్కలు రాయలేను.

మంచి లేదని కాదు. పత్తి మిల్లులో పనిచేసుకునే నన్ను పిడుగురాళ్ల తీసుకెళ్లి, పెళ్లి బ్యాండులో క్లారినెట్ చేతికిచ్చింది ఆయనే. ఊరేగింపుకు ముందు వేణ్ణీళ్లు పుక్కిలించి, ట్రంపెట్‌ని పాత మంగళగిరి తువ్వాలుతో తుడిచి, అప్పుడు గానీ మా వైపు చూసేవారు కాదు. తప్పు వాయిస్తే తిట్టేవారు కాదు. "ఒరేయ్, ముందు చెవితో వాయించు. నోటి సంగతి తర్వాత చూద్దాం" అనేవారు.

ఒక గాయని పాటంటే ఆయనకు ప్రాణం. అందరం అక్క అనేవాళ్లం. వారమంతా మిరపకాయలకు తొడిమలు తీసి, ఆదివారం చర్చిలో పాడేది. ఆ ఘాటుకి ఛాతీ పట్టేసి, చరణం మధ్యలో ఊపిరి తెగేది. క్షణం ఆగి మళ్లీ అందుకునేది. జనం కళ్లు తుడుచుకునేది అక్కడే. మాస్టారు నమాజు తప్పని మనిషి. అయినా ఆ పాట కోసం చర్చి గోడ పక్కన నిలబడేవారు.

అక్క పోయాక ఆమె పాటలతో ఆల్బమ్ చేద్దామన్నారు. ట్రంపెట్, క్లారినెట్, కీబోర్డు, డ్రమ్ము, అంతే. గొంతు ఉండదు. ఆమె పాడిన వరస నాకిచ్చారు. "అక్క ఎక్కడ ఊపిరి తీసిందో అక్కడే తియ్యి. ఒక్క గుక్కలో లాగేశావా, అది అక్క పాట కాదు." ఏడాదిపాటు అదే సాధన. ఒంగోలు స్టూడియోలో వాయించి వచ్చిన రోజు బస్సులో నా భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద నా ఫొటో, నా పేరు. పెట్టుకుని విన్నాను. క్లారినెట్ ఎక్కడా ఆగలేదు. వెళ్లి నిలదీస్తే తెలిసింది, పట్నం నుంచి ఇంకెవరినో పిలిపించి, నాతో ఒక్క మాటైనా అనకుండా, నా వంతు మళ్లీ వాయింపజేశారు.

"రికార్డు కదరా. మధ్యలో తెగితే వినేవాళ్లు తప్పనుకుంటారు" అన్నారు.

"అక్క పాడింది అలాగే కదా మాస్టారూ? నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే ఫొటోకి వచ్చేవాడివా?"

నన్ను మోసం చేశారంటే ఎప్పటికైనా మర్చిపోతానేమో. అక్కనూ మోసం చేశారు. అదే మింగుడు పడలేదు.

మొన్న సాయంత్రం ఓ పెళ్లి ఊరేగింపు మాస్టారి వీధిలోకి తిరిగింది. చావు జరిగిన ఇంటి ముందు బ్యాండు ఆపేయాలి. ఆ కట్టుబాటు నేర్పిందీ ఆయనే. ఆపేశాం. గుమ్మంలో వాళ్లమ్మాయి నిలబడి ఉంది. చేతిలో ఫోన్లో ఆ పాటే మోగుతోంది.

"అన్నా, నాన్న మంచాన పడ్డాక రోజూ ఇదే పెట్టించుకున్నారు. మావాడి ఊపిరి చూడమ్మా, ఎక్కడా తెగదు అనేవారు."

కూతురికి కూడా నిజం చెప్పలేదన్నమాట. నా పరువు కోసమో, తన పరువు కోసమో, ఇక అడగడానికి మనిషి లేడు.

"అవునమ్మా" అన్నాను.

క్లారినెట్ గుండెలకు ఆనించుకుని, అందరితో పాటు చప్పుడు చేయకుండా ఆ ఇల్లు దాటాను. వెనక ఫోన్లో పాట ఆగకుండా సాగిపోతోంది. అక్క ఆగినచోటల్లా నేను ఊపిరి తీసుకుంటూనే ఉన్నాను.