గుండెకి పత్తి విత్తనం లెక్క వేశాడు మావాడు: రొంపిచెర్ల నుంచి నరసరావుపేటకు

మావాడి గుండె బాగుందండీ! స్టెంటు మూసుకుపోలేదు, డాక్టరుగారు నవ్వుతూ చెప్పారు! నరసరావుపేట బస్టాండులో కూర్చుని రాస్తున్నాను.

మా అబ్బాయి కోటేశుకి మూడు నెలల క్రితం గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. నిన్న చీకటిపడ్డాక మా కోడలు రమణ బట్టలు సర్దుతుంటే, వాడు రోజూ వేసుకోవాల్సిన బిళ్ళల అట్టలు విప్పకుండా దొరికాయి. పది రోజులుగా మానేశాడట. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, వెంటనే తీసుకురండి, నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే బస్సు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి అన్నారు. అప్పటికే ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. రాత్రంతా వాడి ఊపిరి వింటూ కూర్చున్నాను. మా ఇంటావిడకి మాత్రం, విత్తనాల కోసం పేట వెళ్తున్నామని చెప్పాం.

తెల్లవారగానే ముగ్గురం పల్లెవెలుగు బస్సు ఎక్కాం. ముప్పావుగంట ప్రయాణం. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్ లేదు. కిటికీ పక్కన వాణ్ణి కూర్చోబెట్టి, గతుకు వచ్చినప్పుడల్లా వాడి ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఎందుకు మానేశావురా?" అన్నాను.

"ఆ స్టెంటుకే మందు పూసుంటదని డాక్టరే చెప్పాడుగా నాన్నా. మందు పట్టించిన విత్తనం పెట్టినాక, మొదట్లో పిచికారీ కొడతామా ఏంది?"

"ఒరేయ్, నీ గుండె ఏమన్నా పత్తి చేనా?"

"నువ్వు నేర్పిన సేద్యమేగా!" అన్నాడు. రమణ మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. కుడివైపు కోటప్పకొండ కనిపించగానే నేను దండం పెట్టాను. వాడి పేరు ఆ కొండ దేవుడిదే కదా, చూసుకోకపోతాడా అనుకున్నాను.

బస్టాండు నుంచి ఆసుపత్రికి ఆటో మాట్లాడుకున్నాం. తోలే మస్తాన్ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. "ఏంది బాబాయ్, చానా చెమటలు పడుతున్నయ్. పేషెంటు నువ్వా, ఆ అన్నా?"

"వాడేనయ్యా. గుంటలు చూసి తోలు."

"ఈ రోడ్డు మీద గుంటలు చూసి తోలాలంటే నడిచి పోవాల!" అన్నాడు గానీ, నిజంగానే నెమ్మదిగా తోలాడు. దిగేటప్పుడు, "ఏం కాదులే బాబాయ్, ఇన్షా అల్లా" అన్నాడు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది.

ఈసీజీ, గుండె స్కానింగ్, రక్తపరీక్ష. గది తలుపు మూసుకుంది. ఆ తలుపు తెరుచుకునేదాకా నేను పడిన భయం పగవాడికి కూడా వద్దండీ. నర్సమ్మ చెప్పుల చప్పుడు వినపడితే చాలు, లేచి నిలబడుతున్నాను.

ఆఖరికి డాక్టరుగారు పిలిచారు. "అన్నీ బాగున్నాయి. రక్తం గడ్డకట్టిన గుర్తులేం లేవు. అదృష్టం. బిళ్ళలు ఇప్పుడే మొదలుపెట్టాలి" అన్నారు. నేను ఆయన చేతులు పట్టేసుకున్నాను. తరవాత ఆయన సొరుగులోంచి ఒక స్టెంటు తీసి కోటేశు అరచేతిలో పెట్టారు. చిన్న వలగొట్టం, బియ్యపు గింజకన్నా కాస్త పొడుగు. అది కోబాల్టు, క్రోమియం కలిపిన లోహమట, తుప్పు పట్టదట. తీగలు వెంట్రుకంత సన్నం. వాటి మీద పలచటి పూత, ఆ పూతలోంచి మందు కొద్దికొద్దిగా ఊరుతుందట.

"ఆ మందు పని ఒకటే. గాయం మానేటప్పుడు లోపల కండ ఎక్కువగా పెరిగి దారి మూసెయ్యకుండా ఆపుతుంది. రక్తం గడ్డకట్టకుండా అది ఆపలేదు. పైగా దానివల్లే తీగల మీద కొత్త పొర కప్పుకోవడం ఆలస్యమవుతుంది. అందాకా వట్టి లోహానికి రక్తం తగులుతూనే ఉంటుంది. కాపలా బిళ్ళలదే."

కోటేశు స్టెంటును తిప్పితిప్పి చూశాడు. "అంటే సార్, విత్తనానికి పట్టించిన మందు రసం పీల్చే పచ్చదోమకే. కాయ తొలిచే పురుగుకి అది పనిచెయ్యదు. ఇదీ అంతేనా?"

"అంతే!" అన్నారు డాక్టరుగారు. రమణ అప్పటికే నీళ్ళ సీసా మూత తీసింది. ఆయన చెప్పిన బిళ్ళలు ఆయన ముందే మింగించింది.

పురుగు పట్టిన చేను చూశాను, ఎండిన చేను చూశాను. అవన్నీ మళ్ళీ వేసుకునే పంటలు. కొడుకు అలా కాదని ఈ రోజు తెలిసొచ్చింది. మీలో ఎవరైనా ఇలా చెకప్‌కి వస్తుంటే ఒక్క మాట: వాడుతున్న బిళ్ళల అట్టలు, స్టెంటు వేసినప్పుడు ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కార్డు ఒకే కవర్లో వేసి తెచ్చుకోండి. డాక్టరు చెప్పకుండా ఒక్క బిళ్ళ కూడా మానకండి.

ఇక ఈ కబురు చెప్పాల్సినవాళ్ళు: మాచర్లలో మా పెద్దమ్మాయి, అల్లుడు. గురజాల బావమరిది. చిలకలూరిపేట మిల్లులో పనిచేసే మా తమ్ముడు. రమణ వాళ్ళ నాన్న, ఆయనకి కొంచెం గట్టిగా చెప్పాలి, చెవుడు. ఇంకా మా ఇంటావిడ. ఆమెకి ఫోన్లో కాదు. వాణ్ణి గడపలో ఎదురుగా నిలబెట్టి, విత్తనాలు తేలేదే, నీ కొడుకుని తెచ్చామే అని చెప్పాలి.