అతుకుల బాబాయి జరిపిన గోడ

అతుకుల బాబాయి నోట్లో నోరు పెట్టి బతికి బట్టకట్టినవాళ్లు లేరు. పగలంతా ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం, ఇంటికొస్తే కంప్యూటర్. ఇప్పటికే ఉన్న ఓ వీడియో గేమ్‌లోకి కొత్త భవనాలు కట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా పంచిపెట్టే గుంపు ఒకటుంది. అందులో ఆయనే పెద్ద. ఆ భవనాల్లో గదులన్నీ ముందే తయారైన గోడ ముక్కలూ నేల ముక్కలూ పక్కపక్కన పేర్చి కట్టేవే. ముక్కకూ ముక్కకూ మధ్య వెంట్రుకంత సందు మిగిలినా ఆడేవాళ్లకు గోడలోంచి బయటి శూన్యం కనబడుతుంది. ఆ తర్వాత అది గదిలా ఉండదు, అట్టపెట్టెలా ఉంటుంది.

ఆ అతుకుల్లో సందులు పట్టడంలో బాబాయి మొనగాడు. గది బయటంతా ఎర్రరంగు నింపి లోపల తిరగడం ఆయన నేర్పిన కిటుకే. ఎర్రగీత కనబడిందంటే అక్కడ సందున్నట్టే. పట్టాక ఊరుకుంటాడా? అందరూ వింటుండగా కట్టినవాళ్లను ఉతికి ఆరేస్తాడు. ఆ గదుల్లోకి కుర్చీలూ బల్లలూ తయారుచేసే అమ్మాయి మొదటిసారి ఓ గది కట్టి చూపిస్తే, "గోడ కట్టావా, జల్లెడ కట్టావా? అవి కళ్లా, బొత్తాలా?" అన్నాడు. ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. ఆ వెక్కిళ్లను అనుకరించి ఆయన చాలాకాలం అందరినీ నవ్వించాడు.

ఇప్పుడు ఆయన కళ్లు మసకబారాయి. అద్దాలతో నయమయ్యేది కాదన్నాడు డాక్టరు. దుకాణంలో ఆయన కోసిన ఫ్రేముల మూలలు నోళ్లు తెరుస్తుంటే, బామ్మర్ది ఆయన్ని కోత మిషను దగ్గర్నించి లేపి చేతికి దుమ్ము గుడ్డ ఇచ్చాడు. బాబాయి ఈ సంగతి గుంపులో ఎవరికీ చెప్పలేదు. "బాబాయి చూశాడా?" అని అడిగే చోటు లోకంలో ఇక అదొక్కటే. అదీ పోతే తానేమీ కాదని ఆయనకు తెలుసు.

కానీ కుర్చీల అమ్మాయి కనిపెట్టేసింది. ఎవరు ఏ సందు చూపించినా ఆయన, "అది నేనెప్పుడో చూశాలే" అంటున్నాడు తప్ప, తనంతట తాను ఒక్కటీ పట్టడం లేదు.

ఆ ఆదివారం సినిమా హాలు భవనం ఆఖరి పరీక్షకు వచ్చింది. తెర మీద బాబాయి చేసేదంతా గుంపు మొత్తం చూస్తోంది.

"బాబాయ్, టికెట్ కిటికీకి ఎడమపక్క ఎర్రగీత కనబడుతోందా?" అందామె.

అక్కడ గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు. గోడ నున్నగా ఉంది.

"పొద్దున్నే చూశా. దరిద్రంగా ఉంది. ఎవడు కట్టాడ్రా ఇది?"

కిసుక్కుమన్న చప్పుడు ఒకటి స్పీకర్లో తెగిపోయింది. కట్టినవాడు సిగ్గుపడ్డాడనుకున్నాడు బాబాయి. చేతికి తగిలిన గోడ ముక్కను చుక్కంత పక్కకు జరిపాడు.

"ఇంకా ఉంది బాబాయ్."

మళ్లీ జరిపాడు. టీ తెచ్చిన భార్య వెనకే నిలబడి చూసింది. ఇన్నేళ్లుగా ఆయన తిట్లు వింటూ వింటూ ఆవిడకూ ఈ విద్య సగం వంటబట్టింది.

"అదేంటండీ, శుభ్రంగా ఉన్న గోడను కదుపుతున్నారు? అక్కడేం లేదు కదా!"

"నోర్ముయ్. నీకేం తెలుసు?" అని కోపంతో ఇంకాస్త గట్టిగా లాగాడు. గోడ పక్కకు జరిగి, నిలువునా బెత్తెడు ఎర్రగీత భగ్గుమంది. ఎన్నో నెలల తర్వాత బాబాయి కళ్లకు ఓ సందు కనబడింది! ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"ఇదిగో! దొరికింది! ఇంత సందు కనబడట్లేదుటే నీకు? అవి కళ్లా, బొత్తాలా?"

స్పీకర్లో ఒక్కసారిగా నవ్వులు పేలాయి. అందరూ తన పెళ్లాన్ని చూసి నవ్వుతున్నారనుకుని బాబాయి కూడా పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

"బాబాయ్," అంది కుర్చీల అమ్మాయి, నవ్వులు సద్దుమణిగాక. "ఆ సందు మీరిప్పుడు చేసిందే. అంతకుముందు అక్కడేం లేదు. పిన్ని కరెక్టుగా చెప్పింది. మౌస్ ఆవిడకిచ్చి మీరు లేవండి. ఇకనించి గోడలు ఆవిడే చూస్తుంది."

బాబాయి వెనక్కి తిరిగి భార్య మొహం వెతికాడు. మసకలో ఆ మొహం ఏమంటోందో తెలియలేదు.

ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. మౌస్ మీదున్న ఆయన చేతిని రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెట్టింది.

"ఈ గోడను వెనక్కి జరపాలంటే ఏం నొక్కాలమ్మా?" అని అడిగింది.