చేప కోసం వెలిగించిన పొయ్యి

నిజాం పాలన చివరి ఏళ్లు. నాంపల్లి స్టేషన్ దగ్గర కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నా భార్య పోయిన మూడో రోజు, ఆమె ఆబిడ్స్‌లో ముచ్చటపడి కొన్న ఎర్రచేప ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు కనిపించాయి. అది గాజుతొట్టి అడుగున గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోంది. చలికి వచ్చే ఈ జబ్బుకు నీళ్లు మెల్లగా వెచ్చబరిచి, కాస్త ఉప్పు కలపాలని ఎక్కడో చదివాను. మైల తీరేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. తెలిసే వెలిగించాను.

పొగ చూసి అత్తగారు వంటింట్లోకి వచ్చారు. వెనకే పరామర్శకు వచ్చిన చుట్టాలు.

"నా బిడ్డ పోయి మూడు దినాలు గూడ కాలే. గప్పుడే ఛాయ్ తాగబుద్ధయిందా అల్లుడా?"

"ఛాయ్ కాదత్తమ్మా... చేపకు."

ఎవరో కిసుక్కుమన్నారు. "చేపకు ఉడుకునీళ్ల తానమా?" అన్నారు ఇంకెవరో. నేను తలెత్తలేకపోయాను.

అత్తగారు పొయ్యి పక్కనున్న తొట్టిలోకి చూశారు.

"గిది నా బిడ్డదేనా?"

"ఔ."

ఆమె కూర్చుని, పసిబిడ్డ స్నానానికి చూసినట్టు పొయ్యి మీది నీళ్లగిన్నెలో మోచెయ్యి ముంచారు. "గింత వేడి వద్దు. జర సల్లనీళ్లు కలుపు."

చేప బతికింది. వాళ్ల నవ్వు ఎప్పుడో మరిచిపోయాను. తడి మోచేత్తో ఆ తల్లి పక్కనే కూర్చుంటే ఓదార్పుగా ఒక్క మాట అనలేకపోయిన సిగ్గు మాత్రం పోలేదు.