అమావాస్య తనిఖీ

వీరబాబు మా షాపులో అడుగుపెడితే ముందు పలకరించేది మనుషుల్ని కాదు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, నేరుగా వెనక గదిలోకి వెళ్ళి, బల్ల కింద ఉన్న నల్ల పెట్టె మీద అరచెయ్యి ఆనించి, "ఏరా, కులాసానా?" అంటాడు. ఆ తర్వాతే నా వంక తిరిగి, "బాగున్నారా సునీలక్కా?" అని అడుగుతాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. టీ ఇచ్చేది నేనూ, కులాసా దానికీనా అని ఒకసారి మొహం మీదే అడిగేశాను.

"మీకు ఒంట్లో బాగోకపోతే మీరు చెప్తారక్కా. అది చెప్పదు కదండి," అన్నాడు.

అతనిది భట్టిప్రోలు. తండ్రి లక్ష్మయ్య మగ్గం మీద బతికిన మనిషి. కొడుకు మాత్రం డిప్లొమా చదివి, హైదరాబాదులో బీరువాలంతేసి డిస్కు పెట్టెలున్న చల్లటి గదిలో కొన్నేళ్ళు పనిచేశాడు. ఆ కంపెనీ మూతపడితే మూటాముల్లే సర్దుకుని వచ్చేశాడు. ఇప్పుడు అతను కంప్యూటర్లు చూసిపెట్టేది రేపల్లెలో మేత కొట్లకు, తెనాలిలో నగల షాపులకు, బాపట్లలో మాకు. రేపల్లె ప్యాసింజరెక్కి కూర్చోగానే గురక పెడతాడు. తెనాలి జంక్షన్లో ఎవరూ లేపకుండానే లేచి బాపట్ల బండి అందుకుంటాడు. ఆ నిద్ర ఏం నిద్రో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

మాది చీరల డిజైన్ల షాపు. అంచు మీద హంస నడవాలన్నా, కొంగులో మామిడి పిందె కాయాలన్నా ముందు గళ్ళ కాగితం మీద బొమ్మ పడాలి. రంగు పడిన గడిని బట్టి మగ్గం మీద పోగు లేస్తుంది. ఆ బొమ్మలన్నీ మా అత్తగారు వెంకటరత్నమ్మ గీసినవే. చుట్టుపక్కల నేతగాళ్ళకు ఆవిడ మొహం తెలియకపోవచ్చు గానీ ఆవిడ పువ్వులు నేయని ఇల్లు లేదు. అలాంటి మనిషికి నీటికాసులు వచ్చి చూపు పోయింది. వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. గీసిన కాగితాలేమో చెదల పాలయ్యాయి. అంతకుముందే వాటిని స్కాన్ చేయించి ఆ నల్ల పెట్టెలో పెట్టించబట్టి సరిపోయింది. అంటే ఆవిడ జీవితమంతా మా వెనక గదిలో బల్ల కింద ఉంది.

పెట్టెలో డిస్కులు ఆరు. ఒకటి చెడిపోయినా మిగతా అయిదూ కలిసి దాన్ని మళ్ళీ పుట్టిస్తాయని వీరబాబు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఇంకోచోట ఇంకో కాపీ పెట్టమని అతను మొత్తుకుంటే, ఆరున్నాయి కదా ఇంకెందుకని మా ఆయన కొట్టిపారేశారు. అప్పుడు వీరబాబు, కనీసం తనిఖీ అయినా సరిగ్గా పెడతానన్నాడు. వాడకుండా పడి ఉన్న బొమ్మ డిస్కులో ఎప్పుడు చెడిపోయిందో, ఎవరో అడిగి తెరిచేదాకా తెలియదట. అందుకని అప్పుడప్పుడూ పెట్టె తనంతట తానే అన్నింటినీ మొదటి నుంచి చివరిదాకా చదువుకోవాలట. ఎక్కడైనా చిన్న లోపం కనబడితే, అన్ని డిస్కులూ బాగున్నప్పుడే సరిచేసుకుంటుందట.

ఉగాదికి వచ్చాడు. ఒళ్ళో కొత్త పంచాంగం. తిథులు చూసి, ఇంగ్లీషు తేదీలు లెక్కగట్టి, ఒక్కొక్కటే కంప్యూటర్లో కొడుతున్నాడు.

"ఏంటయ్యా, పెట్టెకు పెళ్ళి ముహూర్తాలా?" అన్నాను.

"అమావాస్యలక్కా. మగ్గానికి సెలవు రోజు కదండి. మా నాన్న ఆ రోజు నేసేవాడు కాదు. ప్రతి పోగూ, ప్రతి ముడీ తడిమి చూసుకునేవాడు. దీనికీ అదే రోజు పెడుతున్నా. షాపు మూసేసి ఉంటది, పనికి అడ్డం రాదు."

అన్నీ అమర్చాడు. పొద్దున్నే మొదలవ్వాలి, నెమ్మదిగా సాగాలి, లోపం కనబడితే తన ఫోనుకు కబురు రావాలి. ఆ తర్వాత నెలలు గడిచాయి. కబురేమీ రాలేదు. కబురు రాకపోవడమే క్షేమమని అందరం హాయిగా ఉన్నాం.

కార్తీకంలో, పెళ్ళి చీరల పని మీద ఊపిరి సలపకుండా ఉన్న రోజు, పెట్టె మీద ఒక దీపం ఎర్రగా మారి కీచుమంటూ అరిచింది. వీరబాబుకు ఫోన్ చేస్తే తెనాలిలో ఉన్నాడు. కొత్త డిస్కు కొనుక్కుని, దొరికిన బండి పట్టుకుని వచ్చాడు. ఆ రోజు పెట్టెను కులాసా అడగలేదు.

కంప్యూటర్ ముందు కూర్చుని తనిఖీల చిట్టా తెరిచాడు.

"అక్కా, తనిఖీ ఒక్కసారి కూడా జరగలేదండి."

"అదేంటి? నువ్వే పెట్టావు కదా!"

"పెట్టాను. ప్రతి అమావాస్యకీ మొదలైంది. మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. ప్రతిసారీనూ."

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న మా అత్తగారు తలెత్తారు. "అమావాస్య నాడా? ఆ రోజు మెయిన్ దించేది నేనే కదరా," అన్నారు.

ప్రతి అమావాస్యకీ ఆవిడే దగ్గరుండి షాపు ముందు గుమ్మడికాయ కొట్టిస్తారు. లోపల దీపం పెట్టి, యంత్రాలన్నింటికీ హారతిచ్చి, మమ్మల్ని పంపేసి, దీపం కొండెక్కేదాకా ఒక్కరే కూర్చుంటారు. ఇల్లు వెనకే కనుక గోడ తడుముకుంటూ వచ్చేస్తారు. వచ్చే ముందు మెయిన్ దించుతారని మాలో ఎవరికీ తెలియదు. తెల్లారి అందరికన్నా ముందు లేచి మళ్ళీ వేసేవారట.

"మగ్గం నోరు విప్పి అడగదు, అమావాస్యకైనా ఊపిరి తిప్పుకోనివ్వాలనేవారు మా అత్తగారు. వీటికి మాత్రం ప్రాణం లేదా అనుకున్నాను," అన్నారు ఆవిడ. "ఇప్పుడు నా బొమ్మలు పోయినట్టేనా వీరబాబూ?"

వీరబాబు లేచి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. "మీరూ నేనూ ఒకే అమావాస్యని నమ్ముకున్నాం మామ్మగారూ. తప్పెవరిదని ఏం చెప్తాం? ఇప్పుడు మిగతా అయిదు డిస్కుల్నీ పూర్తిగా చదివించి, పోయినదాంట్లో ఏముండేదో లెక్కగట్టి, కొత్తదాని మీద మళ్ళీ రాయించాలండి."

ఆవిడ తన కొంగు అంచును వేళ్ళతో తడిమారు. "తెగిన పోగు అతకడమే కదా. పక్క పోగుల్ని చూస్తే తెగింది ఏ రంగో తెలిసిపోదూ?"

"అంతేనండి. పక్క పోగు కూడా చివికిపోయి ఉంటేనే చిక్కు. ఆ చోట ఇక అతకదు."

కొత్త డిస్కు లోపలికి తోశాడు. ఎంత వేగంతో సాగాలని పెట్టె అడిగింది. తొందరగా కానివ్వమని మా ఆయన పక్క నుంచి అంటూనే ఉన్నారు. వీరబాబు నెమ్మదినే ఎంచుకున్నాడు. పాత డిస్కులు, వాటిని పరిగెత్తిస్తే ఇంకోటి కూడా కూలబడుతుందన్నాడు. షాపు తలుపులు వేసేశాం. పెళ్ళి చీరల వాళ్ళు ఫోన్లో తిట్టిన తిట్లు నేను పడ్డాను, అది వేరే సంగతి.

మా అత్తగారు స్టూలు పెట్టె పక్కకు జరిపించుకుని దాని మీద చెయ్యి వేసి కూర్చున్నారు. మర్నాడూ అక్కడే కూర్చున్నారు. భోజనానికి రమ్మంటే కసిరారు. మధ్యాహ్నం అయ్యాక పెట్టె ఒకచోట ఆగింది. లోపల టిక్కుటిక్కుమంటూ ఒకే చోటును మళ్ళీ మళ్ళీ చదవబోతోంది. చివరికి ఆ చోటు వదిలేసి ముందుకు సాగింది. సాయంత్రానికి దీపాలన్నీ పచ్చబడ్డాయి.

వీరబాబు ఒక హంసల అంచు తెరిచాడు. చచ్చిపోయిన డిస్కు మీద ఉన్న గళ్ళు కూడా ఆ బొమ్మలో ఉన్నాయి. ఒక్క గడి తప్పలేదు, ఒక్క హంస మెడ వంకర పోలేదు. లేనిదాన్ని ఉన్నవాటి నుంచి తిరిగి రప్పించింది ఆ ఇనుప డబ్బా. అంతవరకూ దాన్ని చూసి నవ్వినదాన్ని, చేతులెత్తి దండం పెట్టాను.

"ఆగిన చోట ఏముందిరా?" అని అడిగారు అత్తగారు.

వీరబాబు వెతికి చూశాడు. "చేపల అంచండి. అదొక్కటీ రాలేదు."

"సూర్యలంక సముద్రానికి వెళ్ళొచ్చి గీశాను. ఒక్కళ్ళూ నేయించలేదు." కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "పోనీలే. మిగతావన్నీ వచ్చాయిగా."

వీరబాబు వెళ్ళేలోపు ఇంకో ఊళ్ళో ఇంకో కాపీకి మా ఆయన నోరెత్తకుండా ఒప్పుకున్నారు. తనిఖీ బాగా జరిగితే బాగుందని కూడా కబురు పంపేలా వీరబాబు మార్చాడు. ఆదివారానికి మార్చనా అని అడిగితే అత్తగారే వద్దన్నారు. "అమావాస్యకే ఉంచు," అన్నారు.

తర్వాతి అమావాస్యకు వీరబాబు తన సెలవు మానుకుని వచ్చాడు. గుమ్మడికాయ పగిలింది, హారతి అయింది. అత్తగారు గోడ తడుముకుంటూ మెయిన్ దాకా వెళ్ళారు. అలవాటైన చెయ్యి పైకి లేచింది. నేను ఒక అడుగు ముందుకేశాను. వీరబాబు మాత్రం కదల్లేదు. ఆ చెయ్యి గాలిలోనే కాసేపు ఆగి, కిందికి దిగింది. ఆవిడ వెనక్కి వచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించారు. పెట్టె సన్నగా అదురుతోంది.

"ఇప్పుడు ఏ పువ్వు చూస్తందిరా?"

"దానికి పువ్వని తెలీదు మామ్మగారూ. ఏదీ వదలకుండా చూసుకుంటా పోద్ది."

"ఎవరూ అడగనివి కూడానా?"

"అడగనివి కూడానండి."

"చేపల దగ్గరో?"

"అక్కడ ఖాళీ ఉందండి. ఆ ఖాళీని కూడా చూసే వెళ్ళుద్ది."

ఆవిడ సాయంత్రం దాకా చెయ్యి తియ్యలేదు. వీరబాబు ఫోన్ మోగింది. అతను నాకిచ్చాడు. మొత్తం చదవడం పూర్తయింది, లోపాలేమీ లేవు అని ఉంది. పైకి చదివాను. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను.

"నా బొమ్మలన్నీ మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్ళు ఇంతవరకూ లేరే అమ్మాయ్," అన్నారు మా అత్తగారు. "నాతో సహా."