హార్మోనియం రుమాళ్లు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊరి నిండా ఆఫీసర్లే. వాళ్ల పేర్లు బోర్డుల మీద రాసే పెయింటర్‌నైన నాకు చేతినిండా పని. ఆ రోజుల్లోనే హార్మోనియాలు అమ్మే సాయిబు నన్ను దుకాణానికి పిలిపించాడు.

"ఏమప్పా, పెట్టెలు కొనేటోళ్లు తక్కువ, చూసి పోయేటోళ్లు శానామంది ఉండారు. సంగీతం బొమ్మలేసిన రుమాళ్లు, సంచులు అమ్ముదామనుకుంటాండా. బొమ్మ చూస్తే పాట వినపడాల," అన్నాడు.

"అట్లాంటి బొమ్మ ఎట్ల గీసేదన్నా?"

"నేను పాడతా, నువ్వు గీయి."

హార్మోనియం బాగు చేయడంలో ఆయనకు సాటి లేదు గానీ, గొంతెత్తితే మాత్రం ఎదురు టీకొట్టు బెంచీ ఖాళీ అయ్యేది. ఆ పాటకు నా కుంచె కూడా వంకర్లు పోయింది. ఆ వంకర్ల కింద హార్మోనియం మెట్లు వేసి, పైన రెండు చిలకల్ని నోళ్లు తెరిపించి కూర్చోబెట్టాను. ఒకటి పాడుతోంది, రెండోది ఆపమంటోంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

"అచ్చం నా పాటే!" అని సాయిబు మురిసిపోయాడు.

వడ్రంగితో అచ్చు చెక్కించి, రంగులు నేనే కలిపి రుమాళ్ల మీద అద్దాను. తొలి మూట మొత్తం ఒక పెళ్లికూతురి ఇంటివాళ్లు మగపెళ్లివారికి పంచడానికి కొన్నారు. మమ్మల్నిద్దర్నీ పెళ్లికి పిలిచారు కూడా.

నడి ఎండాకాలం. మగపెళ్లివారంతా ఆ రుమాళ్లతోనే చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. తెర తీయగానే పెళ్లికూతురు తలెత్తి చూసి, పక్కున నవ్వింది. పెళ్లికొడుకు చెంప మీద ఎర్రచిలక! వెనక అతని నాయన బట్టతల మీద హార్మోనియం మెట్లు, వరసగా.

ఆయన సంగతి తెలుసుకుని మా మీదికి వచ్చాడు. "ఎవురప్పా ఈ రంగులు కలిపినోడు?"

సాయిబు క్షణం కూడా ఆలోచించకుండా నావైపు వేలు చూపించాడు. నేను సాయిబు వెనక్కి నక్కాను గానీ, ఆ బట్టతల చూస్తే నవ్వు ఆగడం లేదు.

అప్పుడు పెళ్లికూతురి అవ్వ గట్టిగా అరిచింది. "గమ్మునుండప్పా! పొద్దన్నుంచి పిల్ల ఏడుస్తానే ఉండె. ఇప్పుడు కదా నగుతాండేది!"

పెళ్లికొడుకు అద్దం తెప్పించుకుని చూసుకున్నాడు. "ఈ పక్క ల్యాకపోతే బాగుండదు," అని రుమాలు తడిపి రెండో చెంపకూ అద్దుకున్నాడు. పెళ్లికూతురు నవ్వలేక కడుపు పట్టుకుంది. పంతులుగారు మంత్రం మర్చిపోయారు.

మర్నాడే నేను పటిక వేసి, ఉతికినా పోని రంగు తయారు చేశాను. తీరా దుకాణానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "మొగానికంటుకునేటివి ల్యావా?"

సాయిబు నావైపు గుర్రుగా చూశాడు.

"పటిక వెయ్యమని నీకు ఎవురు చెప్పినారప్పా?"