వెనక గదికి వచ్చిన పెళ్లిచూపులు

మొన్న సాయంత్రం, ఇక్కడ మస్కట్‌లో నేను పనిచేసే తెలుగు సారువాళ్ళ పాప సోషల్ పుస్తకం ముందేసుకుని గట్టిగా చదువుతుంటే, నేను పక్కన బట్టలు మడతపెడుతూ వింటున్నాను. వెనకటి రాజుల కాలంలో కోట లోపల ఎవరుండేవాళ్ళు, బయట ఎవరుండేవాళ్ళు అని పాఠం. లోపల రాజులు, సేనాపతులు, వర్తకులు. బయట తోలు పని చేసేవాళ్ళు, కాటి పని చేసేవాళ్ళు, అమ్ముడుపోయి వచ్చిన బానిసలు. ఆ పిల్ల ఉన్నట్టుండి తలెత్తి, "అక్కా, మనం అప్పుడు పుట్టుంటే నువ్వు లోపలుండేదానివా, బయటా?" అంది. "నేనా? నేను యాడున్నా వంటింట్లోనే ఉంటా పాపా" అని నవ్వేశాను గానీ, ఆ తర్వాత ఏ పనీ చేతికి రాలేదు. ఖబూరాలోని అవ్వ గుర్తొచ్చింది.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, రాజుల సంగతులు నాకేం తెలుసు. కానీ నాలాగా ఇళ్ళల్లో పనికని ఒమాన్ వచ్చినవాళ్ళు ఇది చదువుతుంటే మీకు చెప్పక్కర్లేదు, మొదటి ఇల్లు ఎప్పటికీ మరపురాదు. నాది ఖబూరా అనే ఊళ్ళో, సముద్రానికి దగ్గరగా, నిమ్మచెట్లూ ఖర్జూరాలూ ఉన్న పెద్ద ఇల్లు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. కడప జిల్లా దాటి బయటికి రావడం అదే మొదలు, విమానంలో ఇచ్చిన అన్నం కూడా తినకుండా చీర కొంగులో మొహం పెట్టుకుని వచ్చాను.

ఆ ఇంట్లో వంట చేసేది గోదావరి జిల్లా నుంచి వచ్చిన పిన్ని. తెలుగు మనిషి కనపడిందని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె కూడా నా తల నిమిరి, అన్నం పెట్టి, "మీదే ఊరమ్మా? ఊళ్ళో ఏ వైపంటావు?" అని అడిగింది. నేను దాచుకోవడం తెలియనిదాన్ని, ఊరి చివర అని చెప్పేశాను. మర్నాడు పొద్దున నా టీ గ్లాసు వేరేగా కిటికీ గట్టు మీద ఉంది. పిన్ని చెడ్డది కాదు, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషే, కానీ ఆ గ్లాసు మాత్రం అక్కడే ఉండేది. విమానమెక్కి వచ్చింది నేనొక్కదాన్నే అనుకున్నాను, నాతోపాటు మా ఊరు కూడా ఎక్కి వచ్చింది.

అవ్వ ఉండేది ఆ ఇంటి వెనక, మేకల దొడ్డి దాటాక ఉన్న గదిలో. మొదట్లో ఆమె కూడా ఆ ఇంటి మనిషేననుకున్నాను, ఎందుకంటే ఇంటివాళ్ళ పేరే ఆమెకూ చివర ఉండేది. పిల్లలందరినీ ఎత్తుకుని పెంచింది ఆమే, ఇంటి యజమానురాలు పెద్ద మేడమ్‌తో సహా. పెళ్లికూతుళ్ళందరికీ గోరింటాకు పెట్టింది ఆమే. అయినా పండగనాడు అందరూ పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుంటే ఆమె గుమ్మం పక్కన కూర్చునేది, రమ్మంటే వచ్చేది, లేకపోతే లేదు. నేను ఖాళీ దొరికితే ఆ గదికి పరిగెత్తేదాన్ని. అవ్వ ఏలకులు వేసిన కాఫీని చిన్న గిన్నెలో తాను తాగి, అదే గిన్నెలో నాకు పోసి ఇచ్చేది. మొదటిసారి ఆ గిన్నె పట్టుకుని ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

అవ్వకు ఉన్నది ఒక్క మనవరాలు. తల్లి లేదు, ఈమే పెంచి కాలేజీకి పంపింది. ఆ పిల్లంటే నాకు ఎంత ముచ్చటో, నాకు అరబ్బీ నేర్పింది తనే, తప్పు మాట్లాడితే పడీపడీ నవ్వేది. కాలేజీలో, సహం అనే పక్క ఊరి అబ్బాయి ఒకడు ఆమెను ఇష్టపడ్డాడు. పేరు చివర పెద్దింటి పేరు చూసి, వాళ్ళమ్మా పెద్దమ్మా మంచి సంబంధమేనని చూడటానికి వస్తామన్నారు.

ఆ రోజు అవ్వ హడావిడి చూడాలి! గది రెండుసార్లు కడిగించింది, పెద్ద మేడమ్ దగ్గర్నుంచి కొత్త చాప, హల్వా పళ్ళెం తెప్పించింది. కాఫీ నన్నే తెమ్మంది. పిన్ని గరిటె పట్టుకుని, "ఓసోసి, పెళ్లికూతురి కంటే నీ సింగారమే ఎక్కువైందే! కాఫీ ఒలకబోసి మా పరువు తియ్యకు" అని ఎగతాళి చేసింది. నేను కాఫీ తీసుకుని పోతుంటే ఒక సంగతి కూడా చెప్పింది. ఇక్కడి కొన్ని కుటుంబాల్లో పిల్లనడగడానికి వచ్చినవాళ్ళు కాఫీ తీసుకుని కింద పెడతారట, అడిగింది ఇస్తామని మాట వచ్చాకే తాగుతారట. కాబట్టి వాళ్ళు తాగకపోతే కంగారు పడకు, అదే మంచి గుర్తు అంది.

వచ్చిన ఇద్దరికీ నేను గిన్నెలు అందించాను. ఇద్దరూ కింద పెట్టారు. తెర వెనక ఆ పిల్ల ఇంకాస్త దగ్గరికి జరగడం నాకు వినపడింది. అవ్వ కళ్ళు వెలిగిపోయాయి, ఇక అడుగుతారు, ఇక అడుగుతారు అని నేను కూడా పళ్ళెం గుండెకు హత్తుకుని నిలబడ్డాను. వాళ్ళు గది నాలుగు గోడలూ చూశారు. ముందింటివాళ్ళు మీకేమవుతారని అడిగారు. అవ్వ ఏదో చెప్పింది. ఎండల గురించి మాట్లాడారు, దారి గురించి మాట్లాడారు. కాఫీ చల్లారిపోయింది. ఇంకేమీ అడగకుండా, దేవుడు మీకు మంచి చేస్తాడని చెప్పి లేచి వెళ్ళిపోయారు.

తాగకుండా వదిలేసిన గిన్నెలు నాకు కొత్త కాదు. మా ఊళ్ళో మా చేతి నీళ్ళు ఎవరు తాగారు గనక? పిన్ని చెప్పేసి ఉంటుంది, లేకపోతే నా మొహంలోనే తెలిసిపోయి ఉంటుంది, బంగారంలాంటి పిల్ల పెళ్లి నా చేత్తో చెడగొట్టాను అనుకుని అవ్వ కాళ్ళ మీద పడ్డాను. వచ్చీరాని అరబ్బీలో, నా చెయ్యి అవ్వా, నా చెయ్యి అని ఏడుస్తుంటే, అవ్వ ఏ దెబ్బ తగిలిందోనని నా రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా ఏమీ కనపడలేదు. అప్పుడు చెప్పాను, మా వీధి సంగతి, గ్లాసు సంగతి, అంతా.

అవ్వ నా అరచేతులు రెండూ తన ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "పిచ్చి పిల్లా, నీ చెయ్యి కాదే. పెద్ద గేటు కాడ కారు దిగి నేను యాడుంటానని అడిగినారు. వాచ్‌మన్ వెనక్కి చూపించినాడు. ఆడనే అయిపోయింది" అంది. తన అమ్మమ్మను చిన్నపిల్లప్పుడు సముద్రం అవతలి నుంచి పడవలో తెచ్చారని, ఈ ఇంటి అప్పటి పెద్దాయన కొన్నాడని, తమకు ఈ ఇంటి పేరు అలాగే వచ్చిందని, ఆ కాలం పోయి అందరూ సమానమని చట్టం వచ్చాక కూడా పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ఆ పడవ అందరికీ గుర్తొస్తుందని చెప్పింది. పెద్ద మేడమ్ ఒక్క ఐదు నిమిషాలు వచ్చి పక్కన కూర్చుని ఉంటే ఎలా ఉండేదో అని నాకిప్పటికీ అనిపిస్తుంది. హల్వా మాత్రం మంచిదే పంపింది. అవ్వ ఆమెను ఒక్క మాట అనలేదు.

ఆ పిల్ల మర్నాడు కాటుక పెట్టుకుని కాలేజీ బస్సెక్కింది. ఆ అబ్బాయి పేరు మళ్ళీ ఎత్తలేదు. నాకు అరబ్బీ నేర్పడం కూడా మానేసింది.

నా రెండేళ్ళూ అయిపోయి ఇంటికి వెళ్ళాక అవ్వ పోయిందని పిన్ని ఫోన్‌లో చెప్పింది. మనవరాలు ఉద్యోగమొచ్చి మస్కట్ వెళ్ళిపోయిందట.

నేను మళ్ళీ ఒమాన్ వచ్చి ఈ సారువాళ్ళింట్లో చేరాక, పోయిన రంజాన్ నెలలో, పాపతో వెళ్ళిన ఒక షాపులో ఆ మనవరాలు నాకు ఎదురుపడింది. మెడలో ఆఫీసు కార్డు, చుట్టూ తనతో పనిచేసే ఆడవాళ్ళు, ఏదో చెప్పి నవ్వుతోంది. నన్ను చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. గుర్తుపట్టింది, నాకు తెలుసు. నేను పలకరిస్తే ఈమె ఎవరని పక్కవాళ్ళు అడుగుతారు, ఎక్కడ పనిచేసిందని అడుగుతారు, అడుగుతూ అడుగుతూ మేకల దొడ్డి దాకా వస్తారు. ఆమె కళ్ళు నన్ను బతిమాలాయి. నేను అటు తిరిగి ఉప్పు ప్యాకెట్ మీద ధర చదువుతూ నిలబడ్డాను. ఎవరక్కా ఆమె అని పాప అడిగితే, ఎవరో అన్నాను.

నాకు కోపం రాలేదు. నన్ను కూడా మా జిల్లావాళ్ళు ఊరేదని అడిగితే ఇప్పుడు వేరే ఊరి పేరు చెబుతున్నాను. అప్పట్లో మనల్ని వేరేవాళ్ళు దూరం పెట్టేవాళ్ళు, వాళ్ళెవరో తెలిసేది, తిట్టుకోవడానికైనా ఒక మనిషి ఉండేది. ఇప్పుడు అందరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు, మనమే మనవాళ్ళను చూసి మొహం తిప్పుకుంటున్నాం. అవ్వను తలుచుకుని ఏడవడానికి ఈ దేశంలో ఆమెకు నేనున్నాను, నాకు ఆమె ఉంది. రెండడుగుల దూరంలో నిలబడి కూడా, అవ్వ ఎలా పోయింది, చివర్లో ఏం తింది, ఎవరి పేరు తలచింది అని అడగలేకపోయాను.