ఇయర్‌ఫోన్లు లాక్కున్న టీచరమ్మ

మా అమ్మాయికి చదువు చెప్పిన టీచరమ్మ పోయారు. మహబూబాబాద్‌లో మా కిరాణా కొట్టు తెరిచి ఇంకా బోణీ కాకముందే, ఆమెను రోజూ బడికి తీసుకెళ్లే ఆటో అతను వచ్చి చెప్పాడు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. అప్పుడే వెళ్లిపోతే ఎట్లా? ఆమె తగవు పడాల్సిన వాళ్లు ఈ ఊళ్లో ఇంకా చాలామంది మిగిలే ఉన్నారు.

మా అమ్మాయి నాలుగో తరగతికి వచ్చినా కూడబలుక్కుని కూడా చదవలేకపోయేది. నోటితో అడిగితే టకటకా చెప్పే పిల్ల, పుస్తకం తెరిస్తే నీళ్లు నమిలేది. పాత బడిలో మొద్దు అని పేరు పెట్టారు. చదువు మాన్పించి కొట్టులో కూర్చోబెట్టమని మా బావగారు తేల్చేశారు. నాకు మనసొప్పక, నర్సింహులపేట నుంచి ఇంకో బడికి బదిలీ మీద వచ్చిన ఈ టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె పిల్లతో చాలాసేపు ముచ్చట పెట్టి, మమ్మల్ని డాక్టరు దగ్గరికి పంపారు. తెలివి ఉన్నా అక్షరాలు పట్టుబడని ఇబ్బంది, డిస్లెక్సియా అని తేలింది.

"బిడ్డకు తెలివి నిండుగున్నదమ్మా. ఈ తొవ్వ కష్టమైతే ఇంకో తొవ్వల పోతం" అన్నారు.

ఆ ఇంకో దారి ఆమె ఫోనులో ఉంది. పాఠాన్ని ఫొటో తీస్తే ఏఐ దాన్ని చిన్న వాక్యాలుగా విడగొట్టి, చదివే మాటకు రంగు వేస్తూ వినిపించేది. అయినా ఆమె దాన్ని గుడ్డిగా నమ్మలేదు. ముందు తాను వినేవారు. తప్పు చదివితే పిల్లల్ని కసిరినట్టే ఫోనునూ కసిరేవారు. అది ఉంది కదా అని, దగ్గర కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించడమూ మానలేదు.

ఫోను చదివిపెడితే అది చదువెలా అవుతుందని మా బావగారు బడికే వెళ్లి అడిగారు. టీచరమ్మ ఆయన కళ్లజోడు అడిగి తీసుకుని, చేతిలో పాఠ్యపుస్తకం పెట్టారు.

"ఇప్పుడు చదువుండ్రి అన్నా. మీకు గీ అద్దాలెట్లనో, బిడ్డకు గా ఫోను అట్ల."

ఆయన మళ్లీ చదువు మాన్పించే మాట ఎత్తలేదు.

తోటి పిల్లలు నవ్వుతారని మా అమ్మాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చాటుగా వినేది. ఒకనాడు టీచరమ్మ వాటిని లాక్కుని సంచిలో వేసుకున్నారు.

"దొంగతనం చేస్తున్నవా బిడ్డా? గట్టిగ పెట్టు. నవ్వెటోళ్లను నవ్వనియ్యి."

కొన్నాళ్లకు నవ్విన పిల్లలే దగ్గరకు జరిగి వినడం మొదలుపెట్టారు. ఆమె రుణం నేను ఈ జన్మకు తీర్చుకోలేను.

మొన్న బడిలో సంతాప సభ పెట్టారు. మా అమ్మాయి తన మాటలను మా ఫోనుకు చెప్పి రాయించుకుని, అందరి ముందు చదువుతానంది. పిల్ల ఇబ్బంది పడుతుందేమోనని హెడ్మాస్టరు ప్రేమగానే ఇయర్‌ఫోన్లు ఇవ్వబోయారు.

"వద్దు సార్. టీచరమ్మ తిడ్తది" అంది.

ఫోనును మైకు దగ్గర పెట్టింది. అది ఒక వాక్యం చదివితే, వెంటనే మా అమ్మాయి ఆ వాక్యం చెప్పేది. మధ్యలో వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. మా అమ్మాయి ఆగింది. నవ్విన వైపు ఒకసారి చూసి, ఫోను సౌండు ఇంకా పెంచింది.